జంతికల గొట్టం లాంటి చిప్పు

హబ్సిగూడ దాటి ఉప్పల్ వైపు మెట్రోలో వెళ్తుంటే ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్ వస్తుంది. పక్కనే ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ పేరే దానికి పెట్టారు. నేల కింద నీరెక్కడుంది, ఖనిజమెక్కడుంది అని ఆ సంస్థ 1961 నుంచి వెతుకుతోంది. మైనింగ్ అన్న మాట మా ఉప్పల్ రోడ్డుకు కొత్తేమీ కాదు. అందుకే మొన్న మా నాచారం వీధిలో ఇంజినీరింగ్ చదివే కుర్రాడు ఆ మాట ఎత్తితే నాకు ముందు రాళ్లూ రప్పలే గుర్తొచ్చాయి.

"అంకుల్, బిట్‌కాయిన్ మైనింగ్‌కి కొత్త మిషన్ వస్తుందంట. ఇప్పుడున్నది తీసుకోవాల్నా, దానికోసం ఆగాల్నా?"

ఈ ప్రశ్న వాడొక్కడిదే కాదు. 2012 నుంచి దేశదేశాల్లో ఎంతోమంది అడుగుతున్నదే. జవాబు చెప్పాలంటే ఆ మిషన్ పుట్టుక దగ్గర్నుంచి రావాలి. ఆ కథలో ఒక తెలుగువాడి పేరు కూడా ఉంది.

గవ్వల ఆట

అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలూ ఒకే తీరున పడటానికి ఎంత తంటాలు పడతామో తెలుసు కదా. ఎంత నేర్పరి విసిరినా లాభం లేదు, విసురుతూ పోవడమే. కానీ పడ్డాక చూసేవాళ్లకు ఒక్క చూపు చాలు. బిట్‌కాయిన్ మైనింగ్ అచ్చం ఇదే ఆట.

లావాదేవీల చిట్టాలో ప్రతి పేజీకి 80 బైట్ల శీర్షిక ఒకటి ఉంటుంది. దాన్ని షా-256 అనే లెక్కలో వేస్తే 256 బిట్ల సంఖ్య ఒకటి వస్తుంది. ఈ లెక్క పిండిమర లాంటిది. గోధుమలు వేస్తే పిండి వస్తుంది గానీ పిండి నుంచి గోధుమలు రావు. బిట్‌కాయిన్‌లో ఒకసారి ఆడించిన పిండిని మళ్లీ ఆడిస్తారు, అంటే లెక్క రెండుసార్లు జరుగుతుంది. వచ్చిన సంఖ్య ముందు సరిపడా సున్నాలు ఉంటే ఆ పేజీ మీది, బహుమతీ మీదే. లేకపోతే శీర్షికలో ఒక చిన్న అంకె మార్చి మళ్లీ ఆడించాలి. తెలివితో పని లేదు. ఎన్నిసార్లు విసరగలిగితే అంత అదృష్టం.

ఇందులో అసలు కిటుకు వేరే ఉంది. సగటున పది నిమిషాలకు ఒక్క పేజీయే తేలాలన్నది ఈ ఆట నియమం. విసిరేవాళ్లు పెరిగి పేజీలు తొందరగా తేలుతుంటే, ప్రతి 2,016 పేజీలకు, అంటే సుమారు రెండు వారాలకు, నియమం దానంతటదే బిగుస్తుంది. యంత్రాలు వెయ్యి రెట్లు వేగం పుంజుకున్నా బహుమతి ఒక్క పైసా పెరగదు. పైగా నాలుగేళ్లకోసారి సగమవుతుంది. 2009లో పేజీకి 50 బిట్‌కాయిన్లు, 2024 ఏప్రిల్ నుంచి 3.125.

కత్తిపీట, మిక్సీ, గొట్టం

2009 జనవరి 3న మొదటి పేజీ తేలినప్పుడు మామూలు కంప్యూటర్ ప్రాసెసర్ సరిపోయింది. ప్రాసెసర్ కత్తిపీట లాంటిది. వంకాయ కోస్తుంది, కొబ్బరి తురుముతుంది, చేపనూ ముక్కలు చేస్తుంది. అన్నీ చేస్తుంది గనుక ఏదీ మరీ వేగంగా చేయదు. 2010లో కొందరు వీడియో గేముల గ్రాఫిక్స్ కార్డులు పట్టుకున్నారు. తెరమీద లక్షల చుక్కలకు ఒకేసారి రంగు లెక్కగట్టడానికి చేసిన కార్డులవి. వందల చిన్న లెక్కలు పక్కపక్కన నడిపిస్తాయి. గవ్వలు విసరడానికి అవి మిక్సీలా పనికొచ్చాయి. 2011లో, కొన్న తర్వాత కూడా లోపలి అమరికను మార్చుకోదగ్గ ఎఫ్‌పీజీఏ చిప్పులు వచ్చాయి. వేగం కంటే కరెంటు ఆదాలో అవి మెరుగు.

ఆ తర్వాత వచ్చింది ఏసిక్. ఒకే ఒక్క పనికోసం గీసి, సిలికాన్‌లో శాశ్వతంగా చెక్కేసిన చిప్పు. ఇది జంతికల గొట్టం. ఉల్లిపాయ తరగదు, చట్నీ రుబ్బదు. జంతికలు మాత్రం దాని ముందు ఇంకేదీ వేయలేదు.

ఎదురుచూపులు మొదలైంది ఇక్కడే. 2012 జూన్‌లో అమెరికాలోని బటర్‌ఫ్లై ల్యాబ్స్ అనే కంపెనీ ఏసిక్ యంత్రాలు చేస్తామంటూ ముందే డబ్బు కట్టించుకుంది. నెలలు గడిచినా పెట్టెలు రాలేదు. ఈలోగా చైనాలో తయారైన అవలాన్ యంత్రం 2013 జనవరి చివర్లో జెఫ్ గార్జిక్ అనే ప్రోగ్రామర్ చేతికి అందింది. అంతే, పరుగు మొదలైంది. ఆట ఎంత కష్టమో చెప్పే సూచీ 2013 జనవరిలో 30 లక్షల దగ్గర ఉండేది. 2014 జనవరికి 100 కోట్లు దాటేసింది. అంటే ఏడాది మొదట్లో చేతికొచ్చిన యంత్రం రోజుకు ఎంత సంపాదించేదో, అదే యంత్రం ఏడాది ఆలస్యంగా వస్తే అందులో మూడు వందలో ఒక వంతు కూడా రాదు. ఎండాకాలంలో ఐసు దిమ్మ కొని లారీలో వేయించుకున్నట్టు, ఇల్లు చేరేసరికి గోనెసంచి తడే మిగిలింది. 2014 సెప్టెంబరులో బటర్‌ఫ్లై ల్యాబ్స్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోర్టుకెక్కింది.

పెసరగింజంత చిప్పు

ఇక మనవాడి సంగతి. ఆంధ్రా విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్ చదివిన రాజా కోడూరి గ్రాఫిక్స్ చిప్పుల లోకంలో పెద్ద పేరు. 2015లో ఏఎండీ కంపెనీలో రేడియన్ గ్రాఫిక్స్ విభాగానికి అధిపతి అయ్యారు. 2017లో ఈథీరియం అనే మరో నాణెం కోసం జనం ఎగబడినప్పుడు, గేముల కోసం చేసిన ఆర్ఎక్స్ 580 లాంటి రేడియన్ కార్డులు అంగళ్లలో దొరకలేదు. మైనింగ్ చేసేవాళ్లు పెట్టెలకు పెట్టెలు ఎత్తుకుపోయారు. తన మిక్సీని ఎవరెవరో దేనిదేనికో వాడుతుంటే చూసిన మనిషి, ఐదేళ్ల తర్వాత స్వయంగా గొట్టం తయారీకి దిగాడు.

2017 చివర్లో ఇంటెల్‌కు మారిన కోడూరి, 2022 ఫిబ్రవరి 11న మైనింగ్ కోసమే ప్రత్యేకంగా ఒక చిప్పు తెస్తున్నామని ప్రకటించారు. షా-256 లెక్కలో మామూలు గ్రాఫిక్స్ కార్డులకంటే వాట్‌కు వెయ్యి రెట్లు మెరుగన్నది ఇంటెల్ మాట. అదే నెలలో సర్క్యూట్ ఇంజినీర్ల అంతర్జాతీయ సదస్సులో ఇంటెల్ ఇంజినీర్లు 'బొనాంజా మైన్' అనే తొలి చిప్పు లోగుట్టు విప్పారు.

ఆ చిప్పును కాస్త దగ్గరగా చూద్దాం. కొలత 4.14 మిల్లీమీటర్ల పొడవు, 3.42 మిల్లీమీటర్ల వెడల్పు. అరచేతిలో పెట్టుకుంటే పెసరగింజంత. ఆ గింజలో పది వంతుల్లో తొమ్మిది వంతుల చోటు నింపేసింది ఒకే నమూనా యంత్రం, 258 సార్లు. జ్ఞాపకశక్తికి పెద్ద గది లేదు, తెరకు బొమ్మ పంపే దారి లేదు. ఉన్నవన్నీ విసిరే చేతులే. సెకనుకు 13,700 కోట్లసార్లు విసురుతుంది.

అంతకంటే విడ్డూరం దాని ఆకలి. టార్చిలైటు సెల్లు 1.5 వోల్టులిస్తుంది. ఈ చిప్పులోని యంత్రాలు 0.355 వోల్టుకే నడుస్తాయి, అందులో నాలుగో వంతు కూడా కాదు. ఎందుకింత పొదుపు? చిప్పులో ఒక స్విచ్ మారినప్పుడల్లా ఖర్చయ్యే శక్తి వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. వోల్టేజి సగం చేస్తే ఖర్చు పావు వంతుకు పడుతుంది. కానీ ఇంత చిన్న వోల్టేజిని ఒక్కో చిప్పుకు విడిగా అందించడం కష్టం. అందుకే మైనింగ్ బోర్డుల మీద చిప్పులను వినాయకచవితి పందిరికి కట్టే సీరియల్ లైట్లలా ఒకదాని వెనక ఒకటి కలుపుతారు. వచ్చిన వోల్టేజిని అవే వాటాలు పంచుకుంటాయి.

బండి కొనేటప్పుడు మైలేజీ ఎంత అని అడుగుతాం కదా. మైనింగ్ యంత్రానికీ మైలేజీ ఉంది. లక్ష కోట్ల విసుర్లకు ఎన్ని జూల్స్ కరెంటు తాగుతుందన్నదే లెక్క, ఎంత తక్కువైతే అంత మేలు. 2016 నాటి యాంట్‌మైనర్ ఎస్9 సుమారు 100 జూల్స్ తాగేది. బొనాంజా మైన్ 55. ఇంటెల్ 2022 ఏప్రిల్‌లో అమ్మకానికి ప్రకటించిన రెండో చిప్పు 'బ్లాక్‌స్కేల్' 26. ఆర్గో, బ్లాక్, గ్రిడ్ లాంటి కంపెనీలు అప్పటికే వరుసలో నిలబడ్డాయి.

తర్వాత జరిగింది క్లుప్తంగా చెప్పొచ్చు. 2021 నవంబరులో 69 వేల డాలర్లు పలికిన బిట్‌కాయిన్ ఏడాది తిరిగేసరికి 16 వేలకు పడింది. ఇంటెల్ ఖర్చులు కోసుకోవడం మొదలుపెట్టింది. 2023 మార్చి చివర్లో కోడూరి కంపెనీ వదిలారు. ఏప్రిల్ 18న బ్లాక్‌స్కేల్‌కు ఇక సెలవని ఇంటెల్ ప్రకటించింది. చివరి ఆర్డర్లకు 2023 అక్టోబరు 20 గడువు, చివరి సరుకు పంపడానికి 2024 ఏప్రిల్ 20. అదే ఏప్రిల్ 20న, మన గడియారం ప్రకారం ఉదయం 5.39కి, బిట్‌కాయిన్ బహుమతి మరోసారి సగమైంది. 2022 ఫిబ్రవరి నాటి తొలి ప్రకటన నుంచి సెలవు మాట దాకా ఇంటెల్ మైనింగ్ చిప్పుల ఆయుష్షు పద్నాలుగు నెలలు.

ఇదే సమయంలో మిక్సీలకేమైందో చూడండి. 2022 సెప్టెంబరు 15న ఈథీరియం ఈ గవ్వల ఆటే మానేసింది. ఒక్క రాత్రిలో లక్షల గ్రాఫిక్స్ కార్డులకు పని పోయింది. అయినా వాటికి బతుకుంది. దుమ్ము దులిపి, ఎండిపోయిన పేస్టు గీకి కొత్తది రాసి, గేములాడే పిల్లలకు అమ్మారు. నేనూ మా అబ్బాయి కోసం సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అలాంటి పాతకార్డు ఒకటి బేరమాడి తెచ్చాను. ఫ్యాన్ కొంచెం గరగరలాడుతుంది గానీ పని చేస్తోంది. పాత ఏసిక్ యంత్రాన్ని అలా ఎవరు కొంటారు? జంతికలు వేయని ఇంట్లో గొట్టంతో ఏం పని?

నాచారం మేడమీద లెక్క

కుర్రాడితో కాగితం మీద లెక్క వేయించాను. 110 టెరాహ్యాష్ (అంటే సెకనుకు 110 లక్షల కోట్ల విసుర్లు) వేగమున్న యాంట్‌మైనర్ ఎస్19 ప్రో 3,250 వాట్లు లాగుతుంది. రోజంతా, నెలంతా నడిపితే 2,340 యూనిట్లు. మన ఇళ్ల శ్లాబుల్లో 800 దాటాక యూనిట్ పది రూపాయలు. కింది శ్లాబులన్నీ కలిపితే బిల్లు సుమారు 22 వేలు, ఫిక్స్‌డ్ చార్జీలు వేరే.

ఇక రాబడి. 2024లో ప్రపంచం మొత్తం వేగం 600 ఎక్సాహ్యాష్ (అంటే 60 కోట్ల టెరాహ్యాష్) అనుకుంటే, రోజుకు పుట్టే 450 బిట్‌కాయిన్లలో మనవాడి వాటా నెలకు 0.0025. అంటే ఒక్కో బిట్‌కాయిన్ 88 లక్షల రూపాయలు పలికితేగానీ కరెంటు బిల్లు కూడా తిరిగి రాదు. మొత్తం వేగం ఆ తర్వాత ఇంకా పెరిగింది, వాటా ఇంకా తగ్గింది. మీదికి పన్ను. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం కట్టాలి. మైనింగ్‌కు పెట్టిన ఖర్చును కొనుగోలు ఖరీదు కింద మినహాయించరని కేంద్రం ఆ ఏడాది మార్చిలోనే లోక్‌సభకు చెప్పింది.

పైగా లాగిన 3,250 వాట్లూ చివరికి వేడిగానే బయటపడతాయి. రేకులు వేసిన మేడగదిలో, మే నెలలో, మూడు ఇస్త్రీపెట్టెలు రాత్రింబవళ్లు కాలుతున్నట్టు. చప్పుడు 75 డెసిబెళ్లు. కింద కాపురమున్నవాళ్లు ఊరుకుంటారా?

ఒక్క పని, ఎవరితో పోటీ?

ఒక్క పనే తెలిసిన యంత్రమని చిన్నచూపు చూడక్కర్లేదు. మా నాచారం నుంచి మల్లాపూర్ మీదుగా ముందుకు పోతే ఈసీఐఎల్ వస్తుంది. 1969లో టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారుచేసిన సంస్థ. ఎన్నికల సంఘం అడిగితే 1979లో ఓటింగ్ యంత్రం నమూనా చేసింది. 1982 మేలో కేరళలోని పరవూరులో దాన్ని తొలిసారి పోలింగులో వాడారు. ఈవీఎం కూడా జంతికల గొట్టమే. ఓట్లు నమోదు చేసుకుని లెక్కిస్తుంది, ఇంకేమీ చేయదు. కానీ ఎన్నికల సంఘం దానికి కట్టిన ఆయుష్షు 15 ఏళ్లు.

తేడా ఎక్కడుంది? ఒక పోలింగ్ కేంద్రంలోని ఈవీఎం పక్క కేంద్రంలోని ఈవీఎంతో పోటీ పడదు. వెయ్యి ఓట్లు లెక్కపెట్టే పని నిన్నెంతో రేపూ అంతే. మైనింగ్ యంత్రానికి మాత్రం శత్రువు తన తోబుట్టువే. కొత్తది ఒక్కటి పుడితే నియమం బిగుస్తుంది, పాతవాటి రాబడి తరుగుతుంది. బహుమతి పెరగని పందెంలో అందరి కాళ్లకూ ఒకేసారి చక్రాలు కడితే ముందుకెళ్లేది చక్రాలమ్మేవాడొక్కడే.

అందుకే కుర్రాడికి ఇప్పుడున్నది కొనమనీ చెప్పలేదు, కొత్తదానికోసం ఆగమనీ చెప్పలేదు. కొత్త మిషన్ వస్తోందని ఎవరైనా ఊరిస్తే మూడు మాటలు అడగమన్నాను. మీరూ అడగండి. లక్ష కోట్ల విసుర్లకు ఎంత కరెంటు తాగుతుంది? డబ్బు కట్టాక పెట్టె ఏ తేదీకి ఇంటికొస్తుంది? ఆ ఒక్క పనీ గిట్టనినాడు అది ఇంకెందుకు పనికొస్తుంది? మొదటి రెండింటికి జవాబు కరపత్రంలో దొరకొచ్చు. మూడోదానికి మాత్రం పాతసామాన్ల బండివాడే జవాబు చెప్పాలి, అదీ కిలోల లెక్కన.