ఆగిపోయిన వాచీలు, ఎక్కడో తెలియని దీవులు

మ్యాప్స్‌లో రష్యాకి ఉత్తరంగా జూమ్ చేస్తూ వెళ్తే 190కి పైగా దీవులు కనిపిస్తాయి. పేరు ఫ్రాంజ్ జోసెఫ్ ల్యాండ్. దాని ఉత్తరపు కొన నుంచి నార్త్ పోల్ సుమారు 900 కిలోమీటర్లే. నేలలో ఎక్కువ భాగం మంచు కిందే ఉంటుంది. ఊళ్లు లేవు. రష్యా సైనికులు, స్టేషన్ల స్టాఫ్ తప్ప అక్కడ ఎవరూ ఉండరు. ఇప్పుడు టూరిస్టులు షిప్‌లో, జీపీఎస్ చూసుకుంటూ వెళ్తున్నారు. కానీ 1895లో అక్కడికి చేరిన ఇద్దరికి తాము ఎక్కడున్నారో కూడా తెలీదు.

వాళ్లు నార్వేకి చెందిన నాన్సెన్, యోహాన్సెన్. మంచులో ఇరుక్కున్న తమ ఓడ ‘ఫ్రామ్’ని వదిలి, కుక్కల బళ్లతో పోల్ వైపు బయల్దేరారు. 86 డిగ్రీలు దాటాక ఇక ముందుకెళ్లలేక వెనక్కి తిరిగారు. ఏప్రిల్‌లో ఓ రోజు వాచీలకి కీ ఇవ్వడం మర్చిపోయారు. రెండూ ఆగిపోయాయి.

వాచీ ఆగితే దారి ఎందుకు తప్పుతుంది? అక్షాంశానికి వాచీ అక్కర్లేదు, మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు కొలిస్తే చాలు. రేఖాంశం అలా కాదు. కాకినాడలో సూర్యుడు నడినెత్తికి వచ్చిన పావుగంటకి గానీ హైదరాబాద్‌లో రాడు. ఎందుకంటే భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. ఇక్కడ మధ్యాహ్నం అయినప్పుడు గ్రీనిచ్‌లో టైమ్ ఎంతో తెలిస్తేనే మన రేఖాంశం తెలుస్తుంది. ఆ గ్రీనిచ్ టైమ్‌ని మోసేది వాచీయే. అది అరగంట తప్పితే 7.5 డిగ్రీల తేడా. 81 డిగ్రీల అక్షాంశం దగ్గర అంటే దాదాపు 130 కిలోమీటర్లు!

దీనికి తోడు, ఈ దీవుల్ని 1873లో కనుక్కున్న బృందం గీసిన మ్యాప్‌లో అసలు లేని భూములు కూడా ఉన్నాయి. అంటే క్లాక్ తప్పు, డేటా కూడా తప్పు. ఎదురుగా నేల కనిపిస్తున్నా అదేంటో తేల్చుకోలేకపోయారు. చలికాలం ముంచుకొచ్చింది. రాళ్లతో గుడిసె కట్టి, వాల్రస్ తోళ్లు పైన కప్పి, ఎలుగుబంటి మాంసం తింటూ 1896 మే వరకు అందులోనే గడిపారు.

తర్వాత దక్షిణంగా బయల్దేరారు. జూన్ 17న కుక్కల అరుపులు వినిపించాయి. అక్కడ క్యాంప్ వేసుకున్న ఇంగ్లిష్ అన్వేషకుడు ఫ్రెడరిక్ జాక్సన్ ఎదురయ్యాడు. తాము ఉన్నది ఫ్రాంజ్ జోసెఫ్ ల్యాండ్‌లోనే అని వాళ్లకి అప్పుడే ఖాయంగా తెలిసింది.

మన జీపీఎస్ కూడా వాచీల లెక్కే. శాటిలైట్లలో అటామిక్ క్లాక్‌లు ఉంటాయి. సిగ్నల్ టైమ్‌లో ఒక మైక్రోసెకండ్ తేడా వస్తే 300 మీటర్లు తప్పుతాం. ఫోన్ క్లాక్ అంత కచ్చితంగా ఉండదు కాబట్టే మూడు కాదు, నాలుగు శాటిలైట్లు కావాలి. నాలుగోది మన టైమ్‌లోని తప్పుని లెక్కగట్టడానికి. నాన్సెన్ దగ్గర లేనిది ఆ నాలుగోదే. ఆయనకి ఆ పని ఒక మనిషి చేసి పెట్టాడు, అదీ మనుషులుండని దీవుల్లో.