ముక్కు కొలిస్తే కులం తెలుస్తుందా? పంజాగుట్ట నుంచి బల్కంపేట దాకా ఓ కథ

అమీర్‌పేటలో కోర్సు కోసం హాస్టల్‌లో చేరినవాళ్లకి ఈ ప్రశ్న కొత్తేం కాదు. "మీదే కులం?" అని సూటిగా ఎవరూ అడగరు. "ఫుల్ నేమ్ ఏంటి బ్రో?" అంటారు. ఇంటిపేరుతో పని జరక్కపోతే "మీ ఊళ్లో మీ ఇల్లు ఎటువైపు?" అని ఇంకోటి. జావా నేర్చుకోవడానికి వచ్చినోడికి ఇవన్నీ ఎందుకు? అవసరం లేదు. అయినా అడుగుతారు.

మనిషిని చూసి కులం కనిపెట్టాలనే ఈ సరదా ఒకప్పుడు సర్కారు పనే. అప్పట్లో పేరు అడిగి ఊరుకోలేదు. ఏకంగా ముక్కే కొలిచారు!

ముక్కుకి స్కేలు పెట్టిన రోజులు

1901 జనాభా లెక్కల కమిషనర్ హెర్బర్ట్ రిస్లే అనే బ్రిటిష్ అధికారి. కులం అంటే జాతి తేడానే అని ఆయన నమ్మకం. ముక్కు వెడల్పుని పొడవుతో భాగించి వందతో గుణిస్తే వచ్చే అంకెని బట్టి, ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో చెప్పొచ్చన్నాడు. ముక్కు సన్నగా ఉంటే పై కులం, వెడల్పుగా ఉంటే కింది కులం. అంతే లెక్క!

మన వైపు ఈ పని చేసింది ఎడ్గార్ థర్‌స్టన్. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్. మద్రాసు ప్రెసిడెన్సీలో ఊరూరా తిరిగి తలలు, ముక్కులు కొలిచాడు. అప్పటి కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ ప్రెసిడెన్సీలోనే ఉండేవి. కె. రంగాచారితో కలిసి 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. మన కులాల ఆచారాల గురించి ఇప్పటికీ చాలామంది తిరగేసే పుస్తకాలవి.

పాతికేళ్ల కుర్రాడి జవాబు

పంజాగుట్ట సర్కిల్‌లో అంబేడ్కర్ విగ్రహం గొడవ గుర్తుందా? 2019 ఏప్రిల్‌లో, సరిగ్గా జయంతికి ముందు, అక్కడ పెట్టిన విగ్రహాన్ని తొలగించి చెత్త డంప్ యార్డు దాకా తీసుకెళ్లారు. నగరం అట్టుడికింది. తర్వాత 2023 జయంతి రోజున అదే సర్కిల్‌లో విగ్రహం ఆవిష్కరించారు.

రాజ్యాంగం రాసిన పెద్దమనిషిగా ఆయన అందరికీ తెలుసు. ఆంత్రోపాలజీ క్లాసులో కూర్చున్న కుర్రాడిగా మాత్రం చాలామందికి తెలీదు. 1916 మే 9న న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీలో, గోల్డెన్‌వైజర్ అనే ప్రొఫెసర్ సెమినార్‌లో ఆయన భారతదేశంలో కులాల మీద ఒక పేపర్ చదివారు. అప్పటికి వయసు 25.

అదే యూనివర్సిటీలో ఫ్రాంజ్ బోయాస్ ఉండేవాడు. అమెరికాలో పుట్టిన వలసదారుల పిల్లల తల ఆకారం తల్లిదండ్రుల తలకి తేడాగా ఉంటోందని ఆయన 1911లోనే కొలిచి చూపించాడు. పుట్టిన చోటుతోనే తల మారిపోతుంటే, తల కొలిచి జాతి ఎలా చెప్తారు?

అంబేడ్కర్ ఇంకో అడుగు ముందుకేశారు. కులం రంగులోనో రక్తంలోనో లేదు, పెళ్లిలో ఉందన్నారు. సొంత గుంపులోనే పెళ్లి చేసుకోవాలనే రూలే కులం. ఆ రూలుని కాపాడటానికే కొన్ని ఆచారాలు పుట్టాయని వివరించారు.

లెక్క సింపుల్‌గా చూద్దాం. గుంపులో మగవాళ్లు, ఆడవాళ్లు సమానంగా ఉన్నారనుకోండి. భర్త చనిపోతే భార్య ఒంటరిగా మిగులుతుంది. బయటి గుంపువాణ్ణి చేసుకుంటే గోడ కూలుతుంది. లోపలే ఇంకొకర్ని చేసుకుంటే, పెళ్లికాని పిల్లకి వరుడు తగ్గుతాడు. అందుకని సతి, లేదంటే బలవంతపు వైధవ్యం. భార్య పోయిన మగవాడికేమో ఇంకా ఈడు రాని చిన్నపిల్లనిచ్చి పెళ్లి. ఆచారం పేరుతో భారమంతా ఆడపిల్ల మీదే పడింది.

1948లో వచ్చిన అంటరానితనం పుస్తకంలో ఆయన రిస్లే ఆటని రిస్లే రూల్స్‌తోనే ఆడారు. జి.ఎస్. ఘుర్యే ఇచ్చిన ముక్కు కొలతలే తీసుకుని, ఒకే ప్రాంతంలోని బ్రాహ్మలకీ అంటరానివాళ్లన్న వాళ్లకీ జాతి తేడా లేదని వాదించారు.

బల్కంపేట అమ్మ కథ

పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాటితే బల్కంపేట. ఎల్లమ్మ గుడి. అమ్మవారు నేల మట్టానికి పది అడుగుల దాకా కింద, బావిలో ఉంటుంది. ఆ నీళ్లే తీర్థం. ఆషాఢంలో కల్యాణం జరిగితే ఈ రోడ్ల మీద ట్రాఫిక్ మళ్లించాల్సిందే.

ఎల్లమ్మ కథని బైండ్ల కళాకారులు జమిడిక వాయిస్తూ చెప్తారు. చాలా చోట్ల వినిపించే కథ ఇది. తండ్రి మాట మీద పరశురాముడు తల్లి రేణుకని నరకబోతే, ఆమె మాదిగ వాడలోకి పరుగెత్తింది. అక్కడ ఆమెని కాపాడబోయిన మాతంగి తల కూడా తెగిపోయింది. మళ్లీ బతికించేటప్పుడు తొందరలో తలలు తారుమారయ్యాయి. ఒకరి తల, ఇంకొకరి ఒళ్లు. ఇద్దరూ దేవతలయ్యారు.

ఇప్పుడు చెప్పండి, ఆ దేవతది ఏ కులం? థర్‌స్టన్ వచ్చినా ముక్కు కొలిచి చెప్పలేడు!

అలాగని పండుగలో అందరూ సమానమైపోయారా? కాలేదు. ఉస్మానియాలో పనిచేసిన ఎస్.సి. దూబే, నగరానికి దగ్గర్లోని శామీర్‌పేటని స్టడీ చేసి 1955లో పుస్తకం తెచ్చారు. ఊరి జీవితంలో, పండుగల్లో ఏ కులానికి ఏ పనో అందులో వివరంగా ఉంటుంది. చాలా ఊళ్లలో పోచమ్మకి పూజారి కుమ్మరి, డప్పు కొట్టేది మాదిగ. అందరూ ఉంటేనే పండుగ. కానీ ఎవరు ఎక్కడ నిలబడాలో ముందే రాసి ఉంటుంది.

ఇంకో చేదు నిజం. ఇదే ఎల్లమ్మ పేరు మీద దళిత కుటుంబాల ఆడపిల్లల్ని జోగినులుగా వదిలేశారు. దాన్ని ఆపడానికి 1988లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టమే తేవాల్సొచ్చింది. మాతంగికి మొక్కే చేతులే మాతంగి కూతురికి పెళ్లి లేకుండా చేశాయి.

మూడు స్టేషన్ల దూరం

ఇదంతా పాత కథ అనుకుంటే పొరపాటే. 2018 సెప్టెంబర్‌లో మిర్యాలగూడలో, కులాంతర పెళ్లి చేసుకున్న దళిత యువకుణ్ణి గర్భిణి భార్య కళ్ల ముందే నరికేశారు. వారం తిరక్కుండానే ఎర్రగడ్డలో నడిరోడ్డు మీద, పట్టపగలు, కులాంతర పెళ్లి చేసుకున్న కూతురి మీద, అల్లుడి మీద తండ్రే కత్తితో పడ్డాడు. ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు. అమీర్‌పేట నుంచి ఎర్రగడ్డ మెట్రోలో మూడో స్టేషన్.

ఆ దాడులు 102 ఏళ్ల కిందటి పేపర్‌ చెప్పిన చోటే జరిగాయి. కలిసి చదివితే, కలిసి బిర్యానీ తింటే, ఒకే బోనం ఊరేగింపులో నడిస్తే ఎవరికీ ఇబ్బంది లేదు. పెళ్లి దగ్గరే కత్తి లేచింది.

చట్టం మాత్రం అటు లేదు. మేజర్లయిన ఇద్దరి ఇష్టం ఉంటే చాలు, కుటుంబం అనుమతి అక్కర్లేదని 2018 మార్చిలో శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. బెదిరింపులుంటే పోలీసులు రక్షణ ఇవ్వాలనీ, అలాంటి జంటల కోసం సురక్షిత ఇళ్లు ఏర్పాటు చేసే విషయం చూడాలనీ చెప్పింది. మతం, కులం మారకుండా పెళ్లి చేసుకోవడానికి 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది. 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు బోర్డు మీద అతికిస్తారు కాబట్టి, ఇంట్లో ముప్పు ఉన్నవాళ్లు ముందే లాయర్‌తో మాట్లాడుకోవడం మంచిది.

ముక్కు కొలిచే పనిముట్లకి కాలం చెల్లింది. మ్యాట్రిమోనీ యాప్‌లో కులం ఫిల్టర్ మాత్రం మన ఫోన్‌లోనే ఉంది. ఈసారి హాస్టల్లో "ఫుల్ నేమ్ ఏంటి?" అని అడగాలనిపిస్తే, ఏ కోర్సు చేస్తున్నావని అడిగి చూడండి. మాట్లాడుకోవడానికి అది చాలు.