కుక్కగజ్జియు మనుష్యుల గజ్జియు

వెండ్రుకలు రాలి, చర్మము మొద్దుబారి, ఎడతెగక గోకికొనుచు తిరుగు ఊరకుక్కను చూడని రైతుండడు. అది కళ్లములోని గోనెసంచులపైనను ఇంటి యరుగుపైనను పరుండును. కొలది దినములకు ఇంటివారి ముంజేతులమీదను, కడుపుమీదను దురదపొక్కులు లేచును. కొందరు కుక్కను కొట్టి తరుముదురు. మరికొందరు ఉడుకుచేసినదని యూరకుందురు. ఈ రెండింటివలనను వ్యాధి తీరదు.

దీనికి కారణము సార్కోప్టిస్ అను పురుగు. పెరిగిన ఆడుపురుగు సయితము అరమిల్లీమీటరునకు లోపుగనే యుండును. అది పైచర్మములో సొరంగము త్రవ్వుచు దినమునకు రెండు మూడు గ్రుడ్లు పెట్టును. అవి మూడు నాలుగు దినములలో పగులును. గజ్జికి పురుగే కారణమని ఇటలీవైద్యుడు బొనోమో, తన మిత్రుడగు చెస్తోనితోగూడి సూక్ష్మదర్శినితో చూచి 1687లోనే ప్రకటించెను. రక్తము చెడి గజ్జి పుట్టునని చెప్పువారు మనలో నేటికిని గలరు!

అయితే కుక్కను పట్టు పురుగును, మనుష్యుని పట్టు పురుగును ఒక్క జాతివేయైనను వేరువేరు రకములు. కుక్కపురుగు మన చర్మముమీదికి వచ్చి కరచును గాని యిచట సంతతిని వృద్ధిచేసికొనజాలదు. కుక్కను తాకిన కొలది దినములలోనే, తాకిన చోటనే, దురద మొదలగును. కుక్కకు చికిత్స జరిగి, మరల తాకిడి లేకున్నచో, రెండు మూడు వారములలో తనంతట తగ్గును. మనుష్యుల గజ్జి యట్లు గాదు. మొదటిసారి సోకినపుడు దురద నాలుగు మొదలు ఆరు వారములకు గాని తెలియదు. ఈలోపల ఒకరినుండి యొకరికి ప్రాకును. వ్రేళ్లసందులు, మణికట్లు, చంకలు, బొడ్డుచుట్టు, గజ్జలు దాని స్థానములు. రాత్రివేళ దురద హెచ్చును.

ఈ భేదము తెలియకున్న నష్టము కలదు. మనుష్యుల గజ్జిని కుక్కపై నెట్టి యూరకున్నచో, పిల్లలు గోకికొన్న పుండ్లు చీముపట్టి, ఒక్కొకప్పుడు మూత్రపిండములకు సయితము ముప్పు తెచ్చును. కుక్కవలన వచ్చినదానికి మనుష్యులెన్ని లేపనములు పూసికొన్నను, ఆ కుక్క మంచముక్రింద నున్నంతకాలము దురద మరల మరల వచ్చుచునే యుండును.

కుక్కయందు గజ్జి మొదట చెవిఅంచులను, మోచేతులను, కడుపును పట్టును. చెవిఅంచును వ్రేళ్లతో నలిపినపుడు కుక్క వెనుకకాలితో గోకుకొనబోయినచో గజ్జి యని శంకింపవచ్చును. పశువైద్యుడు ఇంజెక్షను ఇచ్చును. ఆహారముతో మ్రింగించు మాత్రలును ఇప్పుడు కలవు. చేతికి చిక్కని ఊరకుక్కలకు ఈ మాత్రలు మిక్కిలి యనుకూలము. వీధిలో ఒక్కదానికే మందిచ్చిన, ప్రక్కకుక్కనుండి మరల సోకును. కావున సంఘసభ్యులు కలిసి పశువైద్యశాలవారిని పిలిపించి యొకేసారి చేయించుట మేలు. పశువులకు తెచ్చిన ఐవర్‌మెక్టిన్ మిగిలినదని తోచినంత వేయరాదు. కోలీ మొదలగు కొన్ని జాతుల కుక్కలకది ప్రాణాపాయము.

మనుష్యుల గజ్జి యని వైద్యుడు నిర్ణయించిన యెడల, దురద లేనివారితో సహా ఇంటిల్లిపాదియు ఒకే రాత్రి 5 శాతము పెర్మెత్రిన్ లేపనమును మెడనుండి అరికాళ్లవరకు పూసికొని, ఉదయమున స్నానము చేయవలెను. వారము తరువాత మరల పూయవలెను. పసిబిడ్డల విషయమున వైద్యు నడిగియే చేయవలెను. పురుగులు చచ్చినపిదపను దురద కొన్ని వారములుండును; అందుకు భయపడి మందును పదేపదే పూయరాదు.

ఇచట రైతులకొక హెచ్చరిక. ఈ లేపనము పేరు పత్తిపైరుపై చల్లు సైపర్‌మెత్రిన్ పేరును పోలియుండును. పోలిక పేరునందే గాని వాడుకయందు లేదు. పైరుమందును నీళ్లలో కలిపి ఒంటికి గాని కుక్కకు గాని పూయుట విషప్రయోగమే యగును. కాలిన ఇంజనునూనె పూయుటయు నట్టిదే. కుక్క దానిని నాకి రోగము తెచ్చుకొనును.

మందు పూసిన దినముననే పక్కబట్టలను వేడినీట నుదికి యెండవేయవలెను. ఉతుకుటకు వీలులేని బొంతలను, కుక్క పరుండిన గోనెలను మూటగట్టి, వారము దినములు ఎవరును ముట్టకుండ నుంచిన చాలును.