చెవి మిషను ఎందుకు ఈల వేస్తుంది?

తొమ్మిదో తరగతికి ధ్వని పాఠం చెబుతుంటే ఒకమ్మాయి లేచి అడిగింది: "సార్, మా తాతయ్య చెవి మిషను ఎందుకు ఈల వేస్తుంది? అది కూస్తే చాలు, అందరూ చూస్తున్నారని తీసి జేబులో పెట్టేసుకుంటాడు." పాఠం చివర ఇచ్చిన ప్రశ్నలన్నిటికంటే ఇది గొప్ప ప్రశ్న.

మిషనులో మైకు శబ్దాన్ని పడుతుంది, యాంప్లిఫయరు పెంచుతుంది, బుల్లి స్పీకరు చెవిలోకి వదులుతుంది. అందులో కొంత, చెవికీ, చెవి ఆకారానికి తీసిన మిషను అచ్చుకీ మధ్య సందులోంచి జారి మళ్లీ మైకునే చేరుతుంది. 50 డెసిబెళ్లు పెంచడమంటే శబ్దపీడనాన్ని సుమారు 300 రెట్లు చేయడం. కాబట్టి చెవిలోని శబ్దంలో మూడువందలో వంతు మైకుకు చేరినా చాలు, అది మళ్లీ మొదటంత అవుతుంది. అంతకు మించి జారితే చుట్టు చుట్టుకీ పెరిగిపోతుంది. అయితే అన్ని శ్రుతులూ పెరగవు. చుట్టు తిరిగి వచ్చేసరికి ఏ అల శిఖరం తన శిఖరం మీదే పడుతుందో అదే బలపడుతుంది. అందుకే అది రొదలా కాకుండా ఒకే శ్రుతిలో సన్నటి ఈలగా వినిపిస్తుంది. పెళ్లిపందిట్లో మైకు కీచుమనేదీ ఇందుకే.

వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేది పై శ్రుతుల వినికిడి. స, ష, చ లాంటి హల్లుల బలమంతా ఆ శ్రుతుల్లోనే ఉంటుంది. మిషను బాగా పెంచాల్సింది అక్కడే, ఈల పుట్టేదీ ఆ చుట్టుపక్కలే. నలుగురిలో కూస్తుందని వాల్యూం తగ్గిస్తే మొదట జారిపోయేవి ఆ హల్లులే. 'సంత'లో స పోతే మిగిలేది 'అంత'. మనిషికి గొంతు వినిపిస్తుంది, మాట అందదు. నన్ను బాధపెట్టేది ఇదే.

దాచుకోవాలన్న ఆరాటం ఈనాటిది కాదు. పోర్చుగల్ రాజు ఆరో జువావు కోసం లండన్‌లో ఎఫ్.సి. రైన్ 1819లో ఒక సింహాసనం చేశాడు. దాని చేతుల చివర నోళ్లు తెరిచిన సింహాలు. వాటి ముందు మోకరిల్లి మాట్లాడితే, మాట కుర్చీలో దాచిన గొట్టం గుండా రాజు చెవికి చేరేది. అది ఈల వేసే వీలే లేదు. గొట్టం శబ్దాన్ని పోగుచేస్తుంది గాని బయటి శక్తితో పెంచదు. ఇంగ్లండులో రచయిత్రి హారియట్ మార్టినో మాత్రం చెవి బూరాను అందరి ముందే వాడింది. 1834లో, తనలాంటి చెవిటివారిని ఉద్దేశించి లేఖే ప్రచురించింది. నా ఓటు ఆమెకే.

తర్వాతి చరిత్ర త్వరగా చెప్పేయవచ్చు. జేబులో పెట్టుకునే డబ్బా మిషనులో మైకు ఛాతీ మీద, స్పీకరు చెవిలో ఉండేవి. ఆ దూరం వల్ల ఈల తక్కువ. కానీ తీగ కనిపించేది. 1952 చివర్లో ట్రాన్సిస్టర్లు వచ్చాక మిషను చెవి వెనక్కి, ఆపైన చెవిలోకే చేరింది. కనబడకూడదని చిన్నది చేసిన కొద్దీ మైకూ స్పీకరూ దగ్గరయ్యాయి, ఈల ముప్పు పెరిగింది.

పూర్తి డిజిటల్ మిషన్లు 1996లో బజారుకొచ్చాయి. ఈలను చంపే ఉపాయం ఆ తరహా చిప్పుల్లోనే బాగా కుదిరింది. జారే శబ్దం ఎంత ఆలస్యంగా, ఎంత బలంగా తిరిగొస్తుందో చిప్పు లెక్కగడుతుంది. మైకు పట్టినదాంట్లోంచి సరిగ్గా అంత తీసేస్తుంది. దవడ కదిలినా, ఫోను చెవికి ఆనించినా శబ్దం జారే దారి మారుతుంది, లెక్క మళ్లీ మొదలు. వేణువు దీర్ఘంగా పలికే స్వరాన్ని చిప్పు ఒక్కోసారి ఈలేననుకుని కొట్టేయబోతుంది, అప్పుడు స్వరం వణుకుతుంది. కచేరీలకు వెళ్లేవారు ఆడియాలజిస్టును అడిగి సంగీతానికి వేరే ప్రోగ్రాం పెట్టించుకోవాలి.

ఇంట్లో ఎవరి మిషనైనా ఈల వేస్తుంటే తీసేయమనకండి. చెవిలో గులిమి అడ్డుపడి శబ్దాన్ని వెనక్కి కొడుతోందేమో డాక్టరుకు చూపించండి. అచ్చు వదులైతే కొత్తది తీయించండి.