మేరియా మాంటిసోరీ - శిశువిద్య

మూడేండ్ల మనుమడు చెంబెత్తి తనంతట నీరు వంచుకొనజూచును. “నీకు చేతగాదు, ఇటు తె” మ్మని మనము చెంబు లాగికొందుము. నీరొలుకకుండ కాపాడితిమని మనకు తృప్తి. వాడు నేలబడి యేడ్చును, మొండివాడని మందలింతుము. ఆ యేడ్పు మొండితనము కాదనియు, చేయుచున్న పనిని చేతినుండి లాగికొనుటచే గలిగిన దుఃఖమనియు గ్రహించిన యొక విదుషినిగూర్చి నేడు తమకు మనవి చేసెదను.

ఆమె పేరు మేరియా మాంటిసోరీ. ఇటలీ దేశమున 1870 వ సంవత్సరము ఆగస్టు 31 వ తేదీన జన్మించెను. స్త్రీలు వైద్యము చదువుట మిక్కిలి యరుదైన ఆ దినములలో, తండ్రికి సమ్మతి లేకున్నను, రోము నగరమున చదివి 1896 లో వైద్యపట్టము పొందెను. ఆమె మొదట ఉపాధ్యాయిని కాదు, వైద్యురాలు. ఉపదేశించుటకంటె ముందు పరీక్షించి చూచుట ఆమెకు అలవడిన విద్య. మందబుద్ధులని లోకము విడిచిన పిల్లలకు, చేతితో తాకి పోల్చి చూడదగిన వస్తువుల నిచ్చి ఆమె చదువు నేర్పగా, వారిలో కొందరు సామాన్య బాలురకు పెట్టు పరీక్షలలో నెగ్గిరి. లోకులు ఆశ్చర్యపడిరి. ఆమెకు మాత్రము వేరొక శంక పుట్టెను: వీరే యింత నేర్వగలిగినపుడు, ఆరోగ్యవంతులైన పిల్లలను మన బడులు ఎంత యణచి యుంచుచున్నవో గదా!

రోములో సాన్ లోరెంజో అనునది కూలివారి పేట. తలిదండ్రులు పనికి పోగా, పసివారు మేడమెట్లమీద తిరుగుచు గోడలు పాడుచేయుచుండిరి. గోడలు కాపాడుకొనదలచిన యజమానులు ఒక గది యిచ్చి, పిల్లలను కనిపెట్టుడని ఆమెను కోరిరి. శిశువిద్యలో అంత మార్పునకు మూలము గోడల సున్నమన్నమాట! 1907 జనవరి 6 వ తేదీన ఆ గదిలో ‘బాలగృహము’ వెలసెను.

అక్కడ ఆమె చూచిన దొకటి వినుడు. ఒక కఱ్ఱదిమ్మెలో వేర్వేరు కొలతల రంధ్రములు. వానిలో సరిగా నిముడు గుండ్రని కఱ్ఱముక్కలు. ఒకటి తప్పుగా పెట్టినచో కడపటి ముక్క యిమడదు. కావున తప్పును వస్తువే చూపును, గురువు గద్దింపనక్కరలేదు. మూడేండ్ల బాలిక యొకతె ఆ ముక్కలు తీయుచు, మరల అమర్చుచు కూర్చుండెను. చుట్టును పిల్లలు పాడిరి. ఆమె కూర్చున్న కుర్చీనే మాంటిసోరీ యెత్తి బల్లపై నుంచెను. బాలిక దిమ్మెను ఒడిలో పెట్టుకొని తన పని మానలేదు. 40 మారులకు పైగా చేసి, నిద్రలేచినదానివలె తేటముఖముతో తల యెత్తెను. పసివారికి నిలుకడ లేదందుము. వారికి తగిన పని మనము చూపలేదేమో!

మరియొకనాడు చేతిగుడ్డతో చప్పుడు లేకుండ ముక్కు చీదుకొనుట యెట్లో ఆమె నెమ్మదిగా చేసి చూపెను. పిల్లలు చప్పట్లు చఱచిరి. ముక్కు కారుచున్నదని అందరును వారిని వెక్కిరించినవారే కాని, నేర్పినవా రెవ్వరును లేకుండిరి. నాకు ఆమె కథ లన్నిటిలోను ఇదియే మిన్నగా తోచును.

ఇక అక్షరములు. వడ్రంగులు కఱ్ఱ నునుపుచేయు గరుకుకాగితమును అక్షరములుగా కత్తిరించి, అట్టపై నంటించి, వ్రేళ్లతో తడిమించెను. కొన్ని నెలలకు పిల్లలు ఒకనాడు హఠాత్తుగా సుద్దముక్కతో మాటలు వ్రాయ మొదలిడిరి. చదువుటకు ముందే వ్రాత వచ్చెను. ఇది మనకు కేవలము క్రొత్త కాదు. మన వీధిబడులలో ఇసుకపై వ్రేలితో దిద్దించుట తామెరిగినదే. కాని మన పంతులవారు పిల్లవాని వ్రేలు గట్టిగా పట్టి రుద్దించెడివారు. తప్పినచో గోడకుర్చీ, కోదండము సిద్ధము. ఆమె పట్టు విడిచెను.

పట్టు విడిచిన పిల్లలు చెడిపోరా యని తాము అడుగవచ్చును. ఆ బడిలో ప్రతి వస్తువును ఒక్కటియే యుండును. ఒకరు తీసికొన్నచో రెండవవాడు వేచియుండవలెను. పని ముగియగానే తీసినచోటనే పెట్టవలెను. ఇతరుల పనికి అడ్డు రాగూడదు. బెత్తము లేదు గాని కట్టుబాటు కలదు.

1934 నాటికి ఇటలీలో ముస్సోలినీ ప్రభుత్వముతో పొసగక ఆమె దేశము విడిచెను. 1939 లో మద్రాసు అడయారులోని దివ్యజ్ఞానసమాజమువారి యాహ్వానముపై మన దేశమునకు వచ్చి, 69 ఏండ్ల వయస్సున సుమారు 300 మందికి శిక్షణ మొసగెను. మన కోస్తా జిల్లాలు అప్పుడు ఆ రాజధానిలోనివే. మరుసటి యేట ఇటలీ యుద్ధమున దిగగా, ఆంగ్లప్రభుత్వము ఆమె కుమారుడు మేరియోను నిర్బంధించెను. ఆమె 70 వ జన్మదినమున విడిచెను. 1946 లో ఐరోపాకు వెళ్లి, మరల వచ్చి 1949 వరకు ఇచట పాఠములు చెప్పెను. 1952 లో హాలండు దేశమున కాలధర్మము నొందెను.

ఆమె పరికరములు ఖరీదైనవి; వానిని మార్చుట కామె సులభముగా ఒప్పుకొనెడిది కాదు. పల్లెబడికి ఇది చిక్కే. అయినను ఆ బడులలో పసివాని తొలిపాఠములు కానిఖర్చు లేనివి: చొక్కా గుండీలు పెట్టుకొనుట, ఊడ్చుట, ఒక పాత్రనుండి వేరొక పాత్రకు నీరు పోయుట. పాత్ర వాని చేతికి సరిపోవునంత చిన్నదిగా నుండును. ప్రక్కనే యొక గుడ్డ యుంచుదురు. నీరొలికినచో వాడే తుడుచుకొని, మరల పోయును.