లాంతరు గాజులో చన్నీటి కాఫీ

వందేళ్ల కిందట రైలు గార్డు చేతిలో లాంతరు ఉండేది. లోపల దీపం మండుతూ గాజును కాలుస్తుంటే, బయట ఉన్నట్టుండి వాన పడేది, లేదా మంచు కురిసేది. కాలిన గాజు మీద చల్లటి చుక్క పడగానే అది టప్పున చిట్లేది. దీపం ఆరిపోతే అవతలి డ్రైవరుకు సంకేతం అందదు. అందకపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అమెరికాలో ఈ చిక్కు న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్ గ్లాస్ వర్క్స్ ముందుకొచ్చింది. ఇవాళ ఫ్రిజ్‌లో రాత్రంతా కాఫీ పొడి నానబెట్టుకోవడానికి మనం ముచ్చటపడి కొనే పల్చటి గాజు జగ్గు ఆ లాంతరు వంశంలోదే. మంటకు తట్టుకోవాలని పుట్టిన గాజు, మంట ఊసే లేని కాఫీ దగ్గరికి చేరింది. జగ్గు మీద ‘బోరోసిలికేట్’ అని రాసి రెట్టింపు ధర అడుగుతుంటే, ఆ గుణం మన కాఫీకి అసలు పనికొస్తుందా అని అడగడంలో తప్పు లేదు.

నిజానికి గాజు వేడికి పగలదు, వేడిలోని తేడాకు పగులుతుంది. గాజు గ్లాసులో మరిగే నీళ్లు పోస్తే లోపలి వైపు వెంటనే సాగుతుంది. బయటి వైపు ఇంకా చల్లగానే ఉండి, లోపలి దాని లాగుడుకు గురవుతుంది. గాజు నొక్కుడుకు బాగా ఓర్చుకుంటుంది, లాగుడుకు ఓర్వలేదు. పైన కంటికి ఆనని గీత ఒక్కటుంటే చాలు, చీలిక అక్కణ్నుంచి పాకుతుంది. కాలిన గాజు మీద చన్నీళ్లు పడటం ఇంకా ప్రమాదం. తడిసిన పైపొర ముడుచుకోబోతుంది, కింది పొర ముడుచుకోనివ్వదు, లాగుడంతా గీతలున్న పైపొర మీదే పడుతుంది. మామూలు సోడా-సున్నం గాజు ముక్క 10 సెంటీమీటర్లది తీసుకుని 100 డిగ్రీల మేర వేడిచేస్తే అది సాగేది 0.09 మిల్లీమీటరు. చిట్లడానికి ఆ మాత్రం చాలు. మందంగా ఉంటే గట్టిగా ఉంటుందనుకుంటాం గానీ, వేడి విషయంలో లెక్క తలకిందులు. మందం పెరిగేకొద్దీ లోపలికీ బయటికీ మధ్య తేడా పెద్దదై, ఎక్కువసేపు నిలుస్తుంది.

ఈ సాగుడును తగ్గించే ఉపాయం కార్నింగ్ కంటే ముందే జర్మనీలో దొరికింది. ఓట్టో షాట్ 1851లో విట్టెన్ పట్టణంలో, కిటికీ అద్దాలు చేసేవాళ్లింట్లో పుట్టాడు. 1884లో జేనాలో భౌతికశాస్త్రవేత్త ఎర్నెస్ట్ అబ్బే, మైక్రోస్కోపులు చేసే కార్ల్ జైస్, జైస్ కొడుకు రోడెరిక్‌లతో కలిసి గాజు ప్రయోగశాల పెట్టాడు. మైక్రోస్కోపు కటకాలకు మేలైన గాజు కావాలన్నది అబ్బే ఆరాటం. ఇసుక, సోడా, సున్నం అనే పాత పాళ్లతో సరిపెట్టుకోకుండా షాట్ ఒక్కో పదార్థాన్నీ కొద్దికొద్దిగా కలిపి, కరిగించి, గుణం ఎటు మారిందో కొలిచి రాసుకున్నాడు. ఉత్త ఇసుక కరగాలంటే సుమారు 1700 డిగ్రీల వేడి కావాలి. సోడా వేస్తే తక్కువ వేడికే కరుగుతుంది గానీ, అందులోని సోడియం సిలికా అల్లికలో ముడులు తెంపుతుంది. ముడులు తెగిన అల్లిక వేడికి ఎక్కువ సాగుతుంది. బోరాన్ ఆక్సైడ్ కూడా కరగడానికి సాయపడుతుంది. కానీ ముడులు తెంపకుండా తానే వెళ్లి అల్లికలో కూర్చుంటుంది. మన కంసాలి బంగారం అతికేటప్పుడు చల్లే వెలిగారంలో ఉండేది ఈ బోరానే.

80 పాళ్లు సిలికా, 13 పాళ్లు బోరాన్ ఆక్సైడ్, మిగిలిన కాస్తా సోడా, అల్యూమినా. ఇవాళ్టి బోరోసిలికేట్ కొలత దాదాపు ఇది. ఇందాకటి 10 సెంటీమీటర్ల ముక్క దీంతో చేస్తే సాగేది 0.033 మిల్లీమీటరు, అంటే మూడో వంతు. జేనా గాజు థర్మామీటర్లకూ, 1890లలో గ్యాసు దీపాల చిమ్నీలకూ ఎక్కింది.

కార్నింగ్‌లో ఈ పనికి పూనుకున్నవాడు యూజిన్ సల్లివన్. జర్మనీలోని లైప్‌జిగ్‌లో చదివి వచ్చిన రసాయనవేత్త. 1908లో కంపెనీలో ప్రయోగశాల మొదలుపెట్టి, లాంతర్ల కోసం సీసం కలిసిన బోరోసిలికేట్ తయారుచేశాడు. లాంతర్లు పగలడం తగ్గింది. పగలని సరుకు అమ్మేవాడికి రెండోసారి గిరాకీ ఉండదు కదా, కొత్త వాడకాలు వెతుక్కోవాల్సి వచ్చింది. రైల్వే సిగ్నళ్ల బ్యాటరీ జాడీలూ ఆ గాజుతోనే చేశారు. 1913లో జెస్సీ లిటిల్‌టన్ అనే భౌతికశాస్త్రవేత్త అక్కడ చేరాడు. ఆయన భార్య బెస్సీ కొనుక్కున్న బేకింగ్ గిన్నె ఓవెన్‌లో పగిలింది. మీ ఫ్యాక్టరీ గాజేదో తెచ్చిపెట్టమని ఆవిడ అడిగితే, ఆయన బ్యాటరీ జాడీల అడుగులు కోయించి తెచ్చాడు. బెస్సీ అందులో స్పాంజి కేకు చేసింది. కేకు అన్ని వైపులా ఒకేలా ఉడికింది, అడుగంటలేదు, ఎంతవరకు ఉడికిందో గాజులోంచే కనిపించింది. తిండి పెట్టే పాత్రలో సీసం ఉండకూడదు గనక సల్లివన్, విలియం టేలర్ దాన్ని తీసేసి కొత్త గాజు రూపొందించారు. 1915లో అది పైరెక్స్ పేరుతో బజారుకొచ్చింది. లాబ్‌లో బీకర్ల మీద మనం చూసిన బోరోసిల్ పేరుకూ ఈ ఇంటితో చుట్టరికం ఉంది. ఆ కంపెనీ 1962లో కార్నింగ్ సహకారంతోనే మొదలైంది.

కాఫీని ఈ గాజు దగ్గరికి లాక్కొచ్చిన వాళ్లలో పేటర్ ష్లుంబోమ్ ముందుంటాడు. కీల్ నగరంలో పుట్టి అమెరికా చేరిన ఈ జర్మన్ రసాయనవేత్త, లాబ్‌లోని శంఖాకారపు ఫ్లాస్కునూ గరాటునూ ఒక్కటిగా కలిపి, నడుముకు కొయ్య పట్టీ కట్టి, తోలు తాడుతో ముడేసి, 1941లో పేటెంటు పొందాడు. అదే కెమెక్స్. చూడ్డానికి అందంగా ఉంటుంది, న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం కూడా దాన్ని చేర్చుకుంది. కోల్డ్ బ్రూకు, అంటే చన్నీటి కాఫీకి మాత్రం నేను దాన్ని సిఫారసు చేయను. ఆ సన్నటి నడుములోంచి చెయ్యి దూరదు. గోడలకు అంటుకున్న కాఫీ నూనె పాతబడి ముక్క వాసన వేస్తుంది, మర్నాటి కాఫీ అంతా అదే వాసన.

చన్నీటి కాఫీ కథ వేరు. హ్యూస్టన్‌లో మొక్కల వ్యాపారం చేసే టాడ్ సింప్సన్ ఒక విదేశీ ప్రయాణంలో, చిక్కటి కాఫీ ద్రవంలో వేడినీళ్లు పోసి ఇవ్వడం చూశాడు. 1964లో ఆయన తయారుచేసిన టాడీ పరికరంలో కాఫీ నానేది ప్లాస్టిక్ బకెట్‌లో, గాజు పాత్ర దిగిన కాఫీని పట్టుకోవడానికే. నానడం, నిలవ రెండూ గాజులోనే జరిగే జగ్గులను ఇళ్లకు చేర్చింది 1921లో లాబ్ గాజుతో మొదలైన టోక్యో కంపెనీ హారియో లాంటివాళ్లు. జగ్గు మధ్యలో సన్నటి జల్లెడ గొట్టం, అందులో పొడి, పైనుంచి నీళ్లు, అంతే.

ఇక కొనడానికి వెళ్దాం. నా లెక్కలో మొదట కొలవాల్సింది జగ్గును కాదు, ఫ్రిజ్ అరను. కాఫీని గదిలోనే బల్ల మీద రాత్రంతా వదిలేయమని చెప్పేది చల్లటి దేశాల వాళ్లు. మే నెలలో విజయవాడ వంటింట్లో ఆ మాట చెల్లదు. కోల్డ్ బ్రూ పులుపు తక్కువని ప్రచారం ఉంది గానీ, 2018లో ఫిలడెల్ఫియా రసాయనవేత్తలు కొలిచి చూస్తే వేడి కాఫీకీ దీనికీ పీహెచ్ ఒకేలా, 4.85కూ 5.13కూ మధ్య తేలింది. ఆహార భద్రత లెక్కలో 4.6 దాటిందంటే క్రిములను ఆపేంత పులుపు లేనట్టే. కాబట్టి నానేదీ నిలవుండేదీ ఫ్రిజ్‌లోనే. తలుపు అరలో నిటారుగా పట్టని జగ్గు ఎంత అందమైనదైనా దండగే. పడుకోబెడితే మూత రబ్బరు ఎంత బిగువున్నా కారుతుంది. లీటరు నీళ్లకు 80 గ్రాముల పొడి వేస్తే, తడిసిన పొడి తన బరువుకు రెండింతల నీళ్లు పట్టుకుంటుంది. చేతికొచ్చేది ఎనిమిది వందల చిల్లర మిల్లీలీటర్లు.

బోరోసిలికేట్ మాటకొస్తే, చన్నీళ్లు పోసి చన్నీళ్లతో కడిగే ఇంటికి అది అక్కర్లేదు. వెడల్పు మూతి ఉన్న మామూలు మందపాటి గాజు జాడీ చాలు, గ్రానైట్ గట్టుకు తగిలినా కాస్త ఓర్చుకుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన 4 డిగ్రీల జగ్గులో మరిగే నీళ్లు పోసి కడిగే అలవాటున్నా, అదే జగ్గులో సాయంత్రం టీ కాచి పోసుకోవాలన్నా అప్పుడు బోరోసిలికేట్ కొనండి. పేరు చూసి నమ్మేస్తే లాభం లేదు, అమెరికాలో అమ్మే పైరెక్స్ వంటపాత్రలే చాన్నాళ్లుగా మామూలు సోడా-సున్నం గాజుతో, వేడిచేసి గట్టిపరిచి చేస్తున్నారు.

తేడా పట్టుకునే ఉపాయం వంటింట్లోనే ఉంది. ఇంట్లో ఏ గాజు కడ్డీయో, విరిగిన ముక్కో ఉంటే వేరుశనగ నూనెలో ముంచండి. నూనె కాంతిని వంచే తీరూ బోరోసిలికేట్ వంచే తీరూ దాదాపు సమానం, రెండింటి వక్రీభవన గుణకం 1.47 దగ్గర. అది బోరోసిలికేట్ అయితే ముంచిన మేర అంచులు మాయమైపోతాయి. మామూలు గాజుది 1.52, అది నూనెలో కూడా స్పష్టంగా కనిపిస్తుంది.

పొడి విషయంలో ఒక్క మాట. ఫిల్టర్ కాఫీకి మనం వాడే మెత్తటి పొడి ఈ జల్లెడను పూడ్చేస్తుంది, సగం మడ్డి జగ్గులోకి దిగుతుంది. అరకు గింజలు తెచ్చుకుని కొట్లో బరకగా ఆడించుకోవడం మేలు. చికోరీ కలిసినా నష్టం లేదు, న్యూ ఆర్లియన్స్‌లో చన్నీటి కాఫీని చికోరీతోనే నానబెడతారు. కాకపోతే చికోరీ నీళ్లలో తేలిగ్గా దిగుతుంది గనక జగ్గు కాసేపటికే నల్లబడి కాఫీ అయిపోయిందనిపిస్తుంది. గది వేడిలో చేసిన ప్రయోగంలో కెఫీన్ పూర్తిగా దిగడానికి 6 నుంచి 7 గంటలు పట్టింది. ఫ్రిజ్ చలికి ఇంకాస్త గడువివ్వాలి. రాత్రి భోజనాలయ్యాక వేసి, పొద్దున పేపరు వచ్చాక జల్లెడ తీసేస్తే సరిపోతుంది.