ముత్తాత పేరు చూడాలంటే కార్డు నంబర్ కొట్టాలా?

ఈ ఎపిసోడ్ వంశవృక్షాల వెబ్‌సైట్ల గురించి. యాడ్ మీరూ చూసే ఉంటారు. "మీ పూర్వీకులెవరో తెలుసుకోండి, 14 రోజులు ఉచితం" అని ఫోన్‌లో వస్తుంది. సరదాగా ఇంటిపేరు, తాతగారి పేరు కొడతాం. గుండ్రంగా ఏదో తిరుగుతుంది. "మీ కుటుంబానికి చెందిన రికార్డులు దొరికాయి" అంటుంది. నొక్కితే మసకమసగ్గా ఒక పాత కాగితం, దాని మీద తాళం బొమ్మ, కింద కార్డు నంబర్ అడిగే పెట్టె. అక్కడే అందరికీ ఒళ్లు మండుతుంది. మా తాత పేరు చూసుకోవడానికి మీకెందుకు డబ్బులు కట్టాలి అని.

మీరు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: కడితే దొరుకుతుందా? ముందే చెప్పేస్తా. తెలుగు రాష్ట్రాల్లో పుట్టిపెరిగిన మామూలు కుటుంబానికి దాదాపు ఏమీ దొరకదు. కానీ తెలుగువాళ్లలోనే కొంతమందికి 150 ఏళ్ల క్రితం నాటి ముత్తాత పేరు, ఆయన తండ్రి పేరు, ఊరు, ఎత్తు, చివరికి ఒంటి మీద మచ్చ ఎక్కడుందో కూడా దొరుకుతుంది. ఆ జాబితా చూడ్డానికి పైసా కట్టక్కర్లేదు. ఈ తేడా ఎందుకొచ్చిందో అర్థమైతే ఎక్కడ కట్టాలో, ఎక్కడ కట్టకూడదో మీకే తెలిసిపోతుంది.

ముందు వీళ్లు అమ్మేదేంటో చూద్దాం. అసలు రికార్డు వీళ్లది కాదు. అది ఏదో ప్రభుత్వ ఆర్కైవ్‌లోనో, చర్చిలోనో బీరువాలో ఉంటుంది. దానికి తీసిన ఫొటో ఒకటి ఉంటుంది. ఆ ఫొటోలోని చేతిరాతను ఎవరో చదివి టైప్ చేసిన పేర్ల పట్టిక ఇంకొకటి. సైట్ మనకి అమ్మేది ఈ రెండే. పేర్ల పట్టిక లేకపోతే లక్ష ఫొటోలున్నా వెతకలేం, కాబట్టి అసలు విలువ అక్కడుంది. ఇందులో కంపెనీలకీ న్యాయం ఉంది, కాదనను. ఆర్కైవ్ దగ్గర స్కాన్ చేయించే డబ్బుండదు. కంపెనీ వచ్చి "ఖర్చు మాది, కొన్నేళ్లు ఆన్‌లైన్‌లో అమ్ముకునే హక్కు మాకివ్వండి" అంటుంది. వాళ్లు సరే అంటారు.

ఇంగ్లండ్, వేల్స్‌లో 1921 జనాభా లెక్కల కథ ఇదే. 100 ఏళ్ల గడువు తీరాక 2022 జనవరి 6న బయటికొచ్చాయి. ఫైండ్‌మైపాస్ట్ అనే కంపెనీ బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌తో ఒప్పందం చేసుకుని స్కాన్ చేసింది. మొదట్లో రేటు ఎంతనుకున్నారు? టైప్ చేసిన వివరాలు చూస్తే రెండున్నర పౌండ్లు, అసలు పేజీ ఫొటోకి మూడున్నర పౌండ్లు. ఒక్క రికార్డుకి! అప్పటికే ఏడాది చందా కట్టినవాళ్లు కూడా దీనికి మళ్లీ విడిగా కట్టాల్సి వచ్చింది. లండన్‌లో క్యూ అనే చోట ఉన్న ఆర్కైవ్ భవనానికి వెళ్లి కూర్చుంటే మాత్రం ఫ్రీ. అదే ఏడాది ఏప్రిల్ 1న అమెరికా 1950 జనాభా లెక్కలు విడుదలయ్యాయి. అక్కడి నేషనల్ ఆర్కైవ్స్ వాటిని మొదటి రోజే తన సొంత సైట్‌లో అందరికీ ఉచితంగా పెట్టేసింది, చేతిరాతను కంప్యూటర్‌తో చదివించి పేరుతో వెతుక్కునే వీలుతో సహా. మూడు నెలల తేడాలో రెండు దేశాలు, ఒకే రకం రికార్డు. ప్రభుత్వం ముందే డబ్బు పెడితే ఫ్రీ, లేకపోతే మన జేబు. అమెరికాలో రీక్లెయిమ్ ద రికార్డ్స్ అనే సంస్థ ఇంకో దారి పట్టింది. మన ఆర్టీఐ లాంటి చట్టంతో అడగడం, ఇవ్వకపోతే కోర్టుకెళ్లడం, వచ్చినవన్నీ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా పెట్టేయడం.

నాకు నిజంగా చిరాకు తెప్పించేది మాత్రం రేటు కాదు. మనం కట్టే ఫ్యామిలీ ట్రీ. అమ్మమ్మని అడిగి, పాత ఫొటోలు వెతికి, రాత్రంతా కూర్చుని మనం ఎక్కించిన సమాచారమే రేపు ఇంకొకరికి "రికార్డు దొరికింది" అని తాళం బొమ్మతో కనిపిస్తుంది. సరుకు మనది, కౌంటర్ వాళ్లది. 2020లో యాన్సెస్ట్రీ అనే కంపెనీని బ్లాక్‌స్టోన్ 470 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు ప్రకటించింది. ఆ విలువలో సభ్యులు ఊరికే కట్టిపెట్టిన చెట్లకీ వాటా ఉంది కదా! పైగా ఒకరు తప్పు రాస్తే పదిమంది కాపీ కొడతారు, పదిచోట్ల ఉంది కాబట్టి నిజమే అనుకుంటారు. ఇంకో మాట, బతికున్నవాళ్ల పుట్టిన తేదీలు, అమ్మ పుట్టింటి పేరు అక్కడ పెట్టకండి. బ్యాంకులు సెక్యూరిటీ ప్రశ్నల కింద అడిగేవి అవే.

ఫ్రీ ట్రయల్ సంగతి చకచకా చెప్పేస్తా. యాప్ డిలీట్ చేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ ఆగదు. ప్లే స్టోర్ ద్వారా తీసుకుంటే ప్లే స్టోర్‌లోకి, సైట్‌లో తీసుకుంటే సైట్‌లోకి వెళ్లి క్యాన్సిల్ కొట్టాలి. ట్రయల్ మొదలుపెట్టిన రోజే ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. మన దేశపు కార్డు అయితే 2021 అక్టోబర్ 1 నుంచి ఆర్‌బీఐ రూల్ ఉంది. ఆటోమేటిక్‌గా కట్ అయ్యే డబ్బుకి బ్యాంకు 24 గంటల ముందే మెసేజ్ పంపాలి. ఆ మెసేజ్ వచ్చినప్పుడు చూసుకోకుండా స్వైప్ చేసేయకండి. అమెరికాలో చదువుకునేవాళ్లు అసలు కార్డు తీయకముందు మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలో అడగండి. యాన్సెస్ట్రీ లైబ్రరీ ఎడిషన్ చాలా లైబ్రరీల్లో కూర్చుని ఉచితంగా వాడుకోవచ్చు. ఫ్యామిలీసెర్చ్ అని ఇంకో సైట్ ఉంది, మార్మన్ చర్చి నడుపుతుంది, అకౌంట్ ఫ్రీ. వాళ్లు 1938 నుంచి ప్రపంచమంతా తిరిగి రికార్డులు మైక్రోఫిల్మ్ తీశారు. హరిద్వార్ పండాల దగ్గరుండే యాత్రికుల వంశావళి పుస్తకాల ఫొటోలు కూడా వాళ్ల దగ్గరున్నాయి. కాకపోతే కొన్ని ఫొటోలు ఇంట్లో తెరుచుకోవు, వాళ్ల సెంటర్‌కి వెళ్లాలి.

ఇక మన సంగతి. విదేశీ పెయిడ్ సైట్‌లో "ఇండియా రికార్డులు" అని ఘనంగా రాసి ఉంటుంది. లోపల ఉండేవి ఎక్కువగా ఈస్టిండియా కంపెనీ కాలం నుంచి మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిలు లండన్‌కి పంపిన బాప్టిజం, పెళ్లి, సమాధి వివరాలు. అవి తెల్లవాళ్లవి, ఆంగ్లో ఇండియన్లవి, కొంతవరకు ఇక్కడి క్రైస్తవులవి. మీ కుటుంబం వాటిలో ఉండే అవకాశం ఉంటే ముందు ఫిబిస్ అనే సంస్థ డేటాబేస్‌లో వెతకండి, అందులో వెతకడం ఉచితం. మిగతావాళ్లకి? తెల్లదొర మన తాత పేరు రాసుకోవడానికి ఒకే పెద్ద కారణం ఉండేది, శిస్తు. అందుకే మన వంశవృక్షాలు రెవెన్యూ ఆఫీసుల్లో ఉన్నాయి. ఆంధ్రలో ఆర్‌ఎస్‌ఆర్, ఫెయిర్ అడంగల్. నిజాం పాలించిన తెలంగాణలో సేత్వార్, ఆ తర్వాత 1954-55 ఖాస్రా పహాణీ. తండ్రి పేరుతో సహా పట్టాదారు పేరు ఉంటుంది. భూమి తగాదా ఉన్న ప్రతి ఇంట్లో ఎవరో ఒక బాబాయి దగ్గర వీటి నకళ్లు ప్లాస్టిక్ కవర్లో ఉండే ఉంటాయి, అడిగి చూడండి. కానీ భూమి లేనివాడి పేరు ఇందులో ఉండదు. ఆడవాళ్ల పేర్లు చాలా అరుదు. దళిత కుటుంబాలకి ఈ దారి చాలాసార్లు మూసుకుపోయే ఉంటుంది.

నిజానికి వంశం చెప్పి డబ్బు తీసుకోవడం మనకి కొత్తేమీ కాదు. పిచ్చుకుంట్ల వాళ్లు, ఇప్పుడు వంశరాజ్ అంటున్నారు, ఇంటికొచ్చి గోత్రాలూ వంశాలూ చెప్పేవాళ్లు. ధాన్యమో బట్టలో పెట్టి పంపేవాళ్లు. కాకపోతే వాళ్లు సగం చెప్పి "మిగతాది కట్టాక" అని మసక తెర వేసేవాళ్లు కాదు!

ఇప్పుడు ఇందాక చెప్పిన ఆ "కొంతమంది" దగ్గరికొద్దాం. 1860 నవంబర్ 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. దక్షిణాఫ్రికాలోని నాటల్‌కి చెరకు తోటల కోసం కాంట్రాక్టు మీద వెళ్లిన కూలీల మొదటి ఓడ అది. 1911 వరకు అలా 1,52,184 మంది వెళ్లారు. అందులో తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు, విశాఖ, గోదావరి, గంజాం జిల్లాల నుంచి, అప్పట్లో చిత్తూరు ప్రాంతం కలిసి ఉన్న ఉత్తర ఆర్కాటు నుంచి. ప్రతి మనిషికీ ఒక నంబర్ ఇచ్చారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, జిల్లా, ఊరు, ఒంటి మీద గుర్తులు రాశారు. ప్రేమతో కాదు. పారిపోతే పట్టుకోవడానికి, ఏ తోట యజమానికి ఎవరిని ఇచ్చారో లెక్క ఉండటానికి. అందుకే ఇక్కడ పహాణీలో పేరు లేని మనిషికి అక్కడ ఓడ జాబితాలో పేరుంది. ఆడవాళ్లకి, చంటిపిల్లలకి కూడా ఉంది. ఆ రిజిస్టర్లు డర్బన్‌లో ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. టైప్ చేసిన ఓడ జాబితాలని క్వాజులు-నాటల్ యూనివర్సిటీలోని గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్ ఉచితంగా అందుబాటులో పెట్టింది. ఇది తెలియక డర్బన్‌లోని తెలుగు కుటుంబాల పిల్లలు మద్రాసు చర్చి రికార్డుల ముందు తాళం బొమ్మ చూస్తూ కార్డు తీస్తున్నారు. కడితే లోపల కనిపించేది ఎవరో ఆంగ్లేయ సిపాయి సమాధి వివరం.

మారిషస్‌లో ఇది ఇంకా గట్టి అవసరం. 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము అక్కడికి వెళ్లినప్పుడు, భారత మూలాలున్న మారిషస్‌వాళ్లకి ఏడో తరం వరకు ఓసీఐ కార్డు ఇస్తామని ప్రకటించారు. కార్డు రావాలంటే మనమూ ఇండియా నుంచి వచ్చినవాళ్లమే అంటే చాలదు. మన జనన పత్రం, అమ్మానాన్నల పత్రాలు, తాతముత్తాతలవి, అలా గొలుసు వెనక్కి వెళ్లి ఓడ దిగిన మనిషి రికార్డు దగ్గర కలవాలి. మధ్యలో ఒక్క లంకె తెగినా ఆగిపోతుంది. ఆ చివరి రికార్డు అమెరికా సైట్‌లో కాదు, మారిషస్‌లోనే మోకా అనే చోట ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. ఆ ఓడల్లో మద్రాసు నుంచి వెళ్లినవే కాదు, మన కోరంగి రేవు నుంచి వెళ్లినవీ ఉన్నాయి. పెయిడ్ సైట్ ప్రింటవుట్ పట్టుకెళ్తే ఆ గొలుసు పూర్తవదు, ఎందుకంటే అసలు రిజిస్టర్ ఎవరి దగ్గరుందో వాళ్ల ధ్రువీకరణే పనికొస్తుంది.

ఫ్రీ జాబితాలో కూడా పేరు కొట్టగానే రాదు. ఆ గుమాస్తాకి తెలుగు రాదు, చెవికి ఎలా వినిపిస్తే అలా ఇంగ్లీషులో రాశాడు. అప్పలస్వామి "అపల్‌సామి" అవుతాడు. కాబట్టి పూర్తి పేరు కొట్టకండి, మొదటి మూడు నాలుగు అక్షరాలు కొట్టండి. సైట్ ఒప్పుకుంటే చివర స్టార్ గుర్తు పెట్టండి. ఇంటిపేరుతో అసలు వెతకొద్దు. అక్కడ చాలామందికి తాతగారి పేరే తర్వాత ఇంటిపేరైంది, ఇంకొందరికి నాయుడు లాంటి బిరుదు ఇంటిపేరై కూర్చుంది. ఊళ్ల పేర్లు మరీ ఘోరం. చికాకోల్ అంటే శ్రీకాకుళం, బిమ్లిపటం అంటే భీమునిపట్నం, కోకనాడ అంటే కాకినాడ. ఎల్లోర్ అని కనిపిస్తే మహారాష్ట్ర గుహల దగ్గరికి పోకండి, అది మన ఏలూరు.

పట్టణాల పేర్లు ఇలా తేలిగ్గానే తేలతాయి. చిన్న పల్లె పేరైతే డర్బన్‌లో కూర్చున్న ఆరో తరం అమ్మాయికి ఎప్పటికీ అర్థం కాదు. ఆ స్పెల్లింగ్‌ని పైకి చదివితే బొబ్బిలి పక్కనో పాలకొండ పక్కనో ఉండే కుర్రాడికి టక్కున వెలుగుతుంది, "అరే, ఇది మా అత్తగారి ఊరు పక్కదే కదా" అని. అలాంటి మెసేజ్ దక్షిణాఫ్రికా నుంచో మారిషస్ నుంచో మీకు ఎప్పుడైనా వస్తే స్పామ్ అనుకుని తీసేయకండి. డబ్బు, ఓటీపీ అడిగితే సరే, బ్లాక్ చేయండి. ఊరి పేరు మాత్రమే అడిగితే, ఒకసారి పైకి చదివి చూడండి.